తెర వెనక చింతపండు యంత్రం

మార్చి నెల, రెండో ఆదివారం. శృంగవరపుకోట నుంచి ఆటోలో వెళ్ళే దూరంలో ఒక పల్లె. అప్పలనర్సమ్మ ఇంటి వాకిలి.

హాజరైనవారు: యంత్రం కనిపెట్టిన అప్పలనర్సమ్మ. ఆమె భర్త, రైసుమిల్లులో పనిచేసే సన్యాసిరావు. ఆమె అత్తగారు సింహాచలమ్మ. పూజ చేయించడానికి వచ్చిన పంతులుగారు. కోట సంతలో చింతపండు కొనే షావుకారు గున్నయ్య, ఆయన వెంట ఒక వెల్డరు. ఊళ్ళో ఆడవాళ్ళు దాదాపు అందరూ. నేను. నీలం చీర వెనక, యంత్రం.

ఆ రోజు డైరీలో ఇలాగే రాసుకున్నాను. ముందు ఎవరెవరున్నారో రాసుకుంటే తర్వాత ఏం జరిగిందో దానంతటదే గుర్తొస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మొదలైన అలవాటు, రిటైరయ్యాక కూడా పోలేదు. చీర సంగతి చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

అసలు నా పని

నేను పాలిటెక్నిక్ వర్క్‌షాపులో పనిచేశాను. చివరి కొన్నేళ్ళు కాలేజీలో ఒక గది ఇచ్చి, కొత్త వస్తువేదైనా తయారుచేయాలని బయటి నుంచి ఎవరొచ్చినా సాయం చెయ్యమన్నారు. గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, తిరగని ఫ్యాను ఉండేవి. ఆ ఫ్యానును బాగుచేసే కొత్త పద్ధతి చెప్పినవాళ్ళే చాలామంది. రిటైరయ్యాక కూడా జనం రావడం మానలేదు. విజయనగరంలో మా ఇంటి అరుగే ఇప్పుడు ఆ గది.

ఈ పనిలోకి ఈమధ్య కుర్రవాళ్ళు వస్తున్నారు. కాలేజీల్లో దీనికి పెద్దపెద్ద పేర్లు పెట్టి అద్దాల గదులు కట్టారు. సంతోషమే. కానీ తొలిసారి ఏదో కనిపెట్టిన మనిషి మీ ఎదుట కూర్చున్నప్పుడు అద్దాలు అక్కరకు రావు. ఆ మనిషి చేతిలో డబ్బుండదు, మాటలో ధైర్యముండదు, కళ్ళల్లో మాత్రం ఆ వస్తువు అప్పటికే తిరుగుతూ ఉంటుంది. ముందు ఆ సంతోషాన్ని పాడుచెయ్యకూడదు. తర్వాత ఒక ప్రశ్న అడగాలి: "ఇది లేకపోవడం వల్ల ఎవరి చెయ్యి నొప్పెడుతోంది?"

ఎక్కువమంది దగ్గర దీనికి జవాబుండదు. యంత్రం ఉంటుంది, నొప్పి ఉండదు. వాళ్ళను తిట్టకుండా, టీ ఇచ్చి, నొప్పి వెతుక్కుని రమ్మని పంపాలి. కొందరు నిజంగానే వెతుక్కుని వస్తారు.

ఇనుము చివర

మా వర్క్‌షాపు సూపరింటెండెంటుగారు నాకు నేర్పిన పాఠం ఒక్కటే. ఏ వస్తువైనా ముందు అట్టపెట్టెతోనో, అరటి బోదెతోనో, చీపురుపుల్లలతోనో చేసి చూపించాలి. అది నిలబడేవరకు ఇనుము ముట్టుకోనిచ్చేవారు కాదు. ఆయన స్వయంగా అరటి బోదెతో పళ్ళచక్రాలు కోసి, చీపురుపుల్ల ఇరుసు మీద తిప్పి చూపించేవారు. బీడీ తాగుతూ అనేవారు: "ఇనుం కోపిష్ఠిదిరా. ఒకసారి కోసేవంటే మరి మాటాడదు. అట్టముక్క అలగ కాదు, ఎన్నిసార్లు కోసినా కిక్కురుమనదు."

కుర్రతనంలో నాకిది పిల్లలాట అనిపించింది. కొత్తవలస నుంచి రైల్వేలో రిటైరైన ఒకాయన కబురుపెట్టి నన్ను వాళ్ళింటికి పిలిచేదాకా అలాగే అనుకున్నాను. ఆయన కొబ్బరికాయ పీచు తీసే యంత్రాన్ని పెరటి గదిలో ఏడాదిపాటు కూర్చుని, మొదటి దెబ్బకే మంచి ఉక్కుతో చేశాడు. బ్రహ్మాండంగా పనిచేస్తోంది. గది గుమ్మంలోంచి మాత్రం బయటికి రావడం లేదు. ఆయన భార్య మమ్మల్ని చూసి, "దానికి ఈ గదే పుట్టిల్లండి. మరి అత్తారింటికి వెళ్ళదు" అంది. చివరికి గోడ పగలగొట్టి తీశాం. ఆయన కూడా నవ్వుతూనే గునపం పట్టుకున్నాడు.

అందుకని తొలిసారి చేసేవాళ్ళకు చెబుతాను. కొనడం ఆఖరి పని. ముందు పాత సామాన్ల కొట్టుకు వెళ్ళండి. సైకిలు షాపువాడితో స్నేహం చెయ్యండి. మీ ఊరి మిల్లు ఏం పారేస్తుందో చూడండి. "మీ ఆలోచనను మేం అమ్మిపెడతాం, ముందు కొంత కట్టండి" అని ఫోన్లు చేసేవాళ్ళుంటారు. వాళ్ళకు మర్యాదగా నమస్కారం పెట్టి ఫోను పెట్టేయండి.

నౌపడ పలక

రెండో పాఠం నౌపడలో దొరికింది. అక్కడ ఉప్పుమళ్ళలో చెక్కపలకతో ఉప్పును ఒడ్డుకు లాగుతారు. పలక కొంచెం లోతుగా దిగిందంటే అడుగునున్న బురద కూడా వచ్చి ఉప్పు నల్లబడుతుంది. అక్కడి కుర్రాడొకడు పలక అంచుకు పాత టైరు ట్యూబు ముక్క బిగించి, వెనక ఒక స్ప్రింగు పెట్టాడు. బురద తగలగానే అంచు దానంతటదే పైకి వంగుతుంది. చాలా చక్కని పని.

అది పనిచేసిన రోజునే మళ్ళన్నీ తిరిగి అందరికీ చూపించేశాడు. మరుసటి వేసవికల్లా ప్రతి మడిలోనూ అలాంటి పలకే. అప్పుడు వచ్చాడు నా దగ్గరికి, పేటెంటు కావాలని. అందరూ చూసేసిన వస్తువు చట్టం దృష్టిలో కొత్తది కాదని, దరఖాస్తు వెయ్యకముందు చూపిస్తే హక్కు పోతుందని చెప్పాను. అతను పకపకా నవ్వాడు.

"పోన్లెండి మేస్టారూ. మా ఉప్పు తెల్లగా వస్తన్నాది. ఆ పలకని మావోళ్ళు నా పేరెట్టే పిలుస్తన్నారు. పేటెంటు లేకపోతే ఏటి, పేరున్నాది గదా."

అతని నవ్వు నాకు నచ్చింది. అతను చూపించడం తప్పని నేను అనను. ఉచితంగా పంచిపెట్టాలనుకుంటే పంచిపెట్టొచ్చు, అదీ గొప్ప పనే. కానీ అది తెలిసి చెయ్యాలి. తెలియక చేస్తే దానం కాదు, జారిపోవడం. అప్పటినుంచి ఎవరొచ్చినా నా మొదటి ప్రశ్న నొప్పి గురించి, రెండోది "ఇంతవరకు ఎవరికి చూపించారు?" అని.

రెండు రోలర్లు

అప్పలనర్సమ్మ మా అరుగు మీద కూర్చున్న రోజు నా మొదటి ప్రశ్నకు నోటితో జవాబు చెప్పలేదు. రెండు అరచేతులూ చాచి చూపించింది. చింతపండు కాలంలో కోట చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్ళు వాకిళ్ళలో కూర్చుని, కాయ పెంకు వలిచి, ఈనెలు లాగి, రాయి మీద పెట్టి చిన్న సుత్తితో కొట్టి గింజ తీస్తారు. పులుపుకు వేళ్ళ చివర తోలు ఊడుతుంది, దెబ్బలకు గోళ్ళు నల్లబడతాయి. ఆ చేతులతోనే అన్నం కలుపుకోవాలి.

"ఎవుల సెయ్యంటే ఏటి సెప్పాల మేస్టారూ. ఇదిగో, నా సెయ్యే."

ఎవరికి చూపించావంటే, "మా ఆయనకి. మా అత్తకి. మా గేదెకి" అంది.

ఆమె మొదట చేసింది రెండు చెక్కల మధ్య పెట్టి నొక్కే పరికరం. గింజ బయటికి రాలేదు, గుజ్జులో ఇంకా లోపలికి దిగింది. తర్వాత భర్త మిల్లులో అరిగిపోయి పారేసిన రబ్బరు రోలర్లు రెండు అడిగి తెచ్చుకుంది. వడ్ల పొట్టు తీసే యంత్రంలో ఉండేవి అవి. వాటిని పాత సైకిలు పెడలుకు చైనుతో కలిపింది. ఈసారి చింతపండు రోలరుకు కట్టు కట్టినట్టు చుట్టుకుపోయింది.

ఆ రోలర్లు రెండూ ఒకే వేగంతో తిరక్కూడదని నాకు తెలుసు. ఒకటి నెమ్మదిగా, ఒకటి జోరుగా తిరిగితేనే మధ్యలోది దొర్లి, విడిపడుతుంది. తెలిసీ నోరు మూసుకున్నాను. కుర్రవాళ్ళు ఇక్కడ జాగ్రత్తగా వినాలి. ఆలోచన ఎవరు ఇస్తే కనిపెట్టినవారి జాబితాలో వారి పేరూ ఉండాలి. నేను నోరు జారితే ఆ యంత్రంలో నాకూ వాటా ఉన్నట్టే. సలహా చెప్పే మనిషికి అన్నిటికన్నా కష్టమైన పని ఇది. నేను పళ్ళు బిగపట్టుకుని రెండు వారాలు టీ తాగాను.

చివరికి ఆ మాట సన్యాసిరావే అన్నాడు, భోజనం చేస్తూ. "మా మిల్లులోన రెండు రోలర్లూ ఒకలాగ తిరగవే. ఒకటి బేగి తిరుగుతాది, ఒకటి నిమ్మళంగా." నర్సమ్మ కంచం దగ్గరనుంచి లేచిపోయి, ఒక పక్క పెద్ద పళ్ళచక్రం, ఇంకోపక్క చిన్నది వేసింది. గింజలు టపటపా రాలాయి. గుజ్జు రోలరుకు అంటుకోవడం మాత్రం పోలేదు. దానికి ఆమె వంటింట్లోనే మందు కనిపెట్టింది. చింతపండు నిలవ చెయ్యడానికి ఎలాగూ ఉప్పు కలుపుతాం కదా, అదేదో ముందే కలిపితే? నెమ్మదిగా తిరిగే రోలరు మీద రాళ్ళ ఉప్పు సన్నగా జారేలా ఒక డబ్బా బిగించింది. గుజ్జు అరటాకు మీంచి జారినట్టు జారింది.

ఇలాంటివి ఇంతకుముందు ఎవరైనా చేశారేమోనని ఫోనులో ఉచితంగా దొరికే పాత పేటెంటు దరఖాస్తులన్నీ వెతికాం. మోటార్లవి ఉన్నాయి, సుత్తులవి ఉన్నాయి. ఇలాంటిది కనబడలేదు. కనబడలేదంటే లేదని కాదు, మనకు వెతకడం రాలేదేమో అని కూడా అనుకోవాలి. విశాఖలో పేటెంటు ఏజెంటుగా ఉన్న నా పాత విద్యార్థిని సుజాత, మొదటి దరఖాస్తు తయారుచెయ్యడానికి ఒప్పుకుంది. పూర్తి వివరాలు ఇవ్వడానికి ఆ తర్వాత ఏడాది గడువుంటుంది. చేతిలో డబ్బు తక్కువున్నవాళ్ళకు ఆ ఏడాది పెద్ద ఊపిరి.

కనిపెట్టినవారి పేర్ల దగ్గర సన్యాసిరావు పేరు కూడా రాయాలని చెప్పాను. నర్సమ్మ నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఆయన పేరెందుకు? ఆయనేటి సేసేడు?"

"రెండు వేగాల మాట అతనిదే కదమ్మా."

"అన్నం తింటూ అన్నాడు మేస్టారూ!"

"తింటూ అన్నా రాయాలి."

సన్యాసిరావు ముఖం వెలిగిపోయింది. "సూసేవా? సర్కారు కాయితంలోన నా పేరు. రేపట్నుంచి తిన్నప్పుడల్లా ఏదో ఒకటి సెప్తాను" అన్నాడు.

తెర

శనివారం నర్సమ్మ ఫోను చేసింది. "మేస్టారూ, రేపు సాయంత్రం యంత్రానికి పూజ. ఊరంతా వస్తన్నారు. మీరు రాకపోతే ఊరుకోను."

"దరఖాస్తు వేసేశారా?"

"సుజాతమ్మ సోమారం ఎయ్యొచ్చన్నాది."

"పూజ ముందూ, దరఖాస్తు తర్వాతానా?"

"మరేటి? దేవుడికి సెప్పకుండా సర్కారుకి సెప్తామేటి?"

మన ప్రాంతంలో ఎవరైనా చేసే పొరపాటు ఇదే. కొత్త బండి కొన్నా, కొత్త మోటారు పెట్టినా, పదిమందినీ పిలిచి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఫొటోలు తీసి, అప్పుడే వాడతాం. చట్టానికి మాత్రం అది నలుగురికీ చూపించడమే.

ఆదివారం మధ్యాహ్నానికి నేను అక్కడికి చేరేసరికి మామిడి తోరణాలు కట్టేశారు. యంత్రం ఇంకా పశువుల శాలలోనే ఉంది, అదృష్టం. షావుకారు గున్నయ్య అప్పుడే వచ్చి ముందు వరస కుర్చీలో కూర్చున్నాడు. ఆయన పక్కనున్న వెల్డరు చొక్కా జేబులో కొలతల టేపు కనిపించింది. పూజకు టేపుతో వచ్చినవాణ్ణి నేను అంతకుముందెప్పుడూ చూడలేదు.

నర్సమ్మను వంటింట్లోకి పిలిచి సంగతంతా చెప్పాను. నౌపడ పలక గురించి కూడా చెప్పాను. ఆమె చేతిలో పులిహోర గరిటె ఆగిపోయింది.

"అయితే ఆపేద్దారి మేస్టారూ. ఎవులైనా సేసుకోండని ఇచ్చీడానికి కాదు నాను గోళ్ళు పోగొట్టుకున్నాది."

వెనకనుంచి సింహాచలమ్మ అందుకుంది. "ఏటి ఆపేది? రేపట్నుంచి మూఢం. మరి పూజ సెయ్యడానికి ఉండదు. పూజ లేకుండా దాని మీద సెయ్యేస్తే నాను ఒప్పను. పండు రోజూ బళ్ళకి బళ్ళు దిగుతన్నాది."

సుజాతకు ఫోను చేశాను. ఆమె అరకు వెళ్ళి కిరండూలు రైల్లో తిరిగొస్తోంది. "సార్, లాప్‌టాప్ ఇంట్లో..." అనేసరికి సొరంగం వచ్చి ఫోను తెగింది. మళ్ళీ చేస్తే "రేపు పొద్దున్న లేవగానే..." అంది, ఇంకో సొరంగం. ఆ దారిలో సొరంగాలకు కొదవ లేదు. అయినా నాకు కావలసిన మాట దొరికింది. రేపు పొద్దున్న.

అంటే ఈ సాయంత్రం పూజ జరగాలి, యంత్రాన్ని ఎవరూ చూడకూడదు.

మాది గుడి సేవ చేసుకునే కుటుంబం. చిన్నప్పుడు మా నాన్నగారు నైవేద్యం పెట్టేవేళ తెర తాడు లాగడం నా పని. తెర వేస్తేనే స్వామి ఆరగిస్తాడు. బయట నిలబడ్డవాళ్ళెవరూ లోపల దేవుడు లేడనుకోరు. ఆ తాడు గుర్తొచ్చి వాకిట్లోకి వచ్చాను.

"పంతులుగారూ, తెర వేసి పూజ చేస్తే చెల్లదా?"

ఆయన పొడుంకాయ మూత పెట్టి ఆలోచించారు. "చెల్లకేం. నైవేద్యానికి పద్ధతే అది. కానీ బొట్టు పెట్టడానికి నేను తెర లోపలికి వెళ్ళాలి."

"వెళ్ళండి. చూసింది ఎవరికీ చెప్పనని ఈ కాగితం మీద ఒక సంతకం పెట్టి వెళ్ళండి."

"వేదం చదివినవాడి చేత సంతకం పెట్టించుకుంటారా?"

"చదువుకున్నవారి సంతకం కదండీ, చూడ్డానికి బాగుంటుంది."

ఆయన నవ్వి సంతకం చేశారు. సింహాచలమ్మ తన నీలం పట్టుచీర తీసిచ్చింది. యంత్రాన్ని దుప్పట్లలో చుట్టి తెచ్చి వాకిట్లో పెట్టి, రెండు వెదురుగడలకు చీర కట్టాం. ఆడవాళ్ళకు పండగైపోయింది.

"ఏటే నర్సమ్మా, పెళ్ళికూతురికి అడ్డుతెర కట్టేసేరేటి?"

"జీలకర్రా బెల్లం ఎవులు పెడతారే?"

"ఇంకెవులు, సన్యాసిరావు బావే. ఆడికిది రెండో పెళ్ళి!"

గున్నయ్యకు మాత్రం నవ్వు రాలేదు. "ఏటమ్మాయ్, ఇంత దూరం వస్తే మొకం సూపించవా?"

"రేపు పొద్దున్న రా బావా. మొకం సూపిస్తాను, తిప్పి సూపిస్తాను, టీ కూడా పోస్తాను" అంది నర్సమ్మ.

పంతులుగారు లోపలికి వెళ్ళి మంత్రాలు అందుకున్నారు. గంట మోగింది. సరిగ్గా హారతి వేళకు కొండల వైపు నుంచి గాలి లేచింది. చీర కుచ్చిళ్ళు ఎగిరాయి. దుప్పటి అంచు తొలగి ఒక పెడలు బయటపడింది. వెల్డరు ముందుకు వంగాడు. నేను లేచేలోపు సింహాచలమ్మ వెళ్ళి, చీర అంచు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"కూకోరా నాయనా. హారతి కళ్ళకద్దుకోవాల గాని, కింద ఏటి సూస్తావు?" అంది వాడితో.

అప్పటిదాకా ఆ యంత్రాన్ని "పిచ్చి చక్రాలు" అని వెక్కిరించిన మనిషి, ప్రసాదం కూడా అక్కడికే తెప్పించుకుంది. అందరూ వెళ్ళాక యంత్రాన్ని శాలలోకి చేర్చి, ఆ తలుపుకు అడ్డంగా తన మంచం వేయించుకుంది. నాకు అరుగు మీద పక్క వేశారు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. దరఖాస్తు వేసినంత మాత్రాన పేటెంటు వచ్చినట్టు కాదు. రోలర్లు పాతవే కదా అని పరిశీలించేవాళ్ళు అడుగుతారు, జవాబు చెప్పాలి. రాకపోవచ్చు కూడా. కానీ వరసలో ఆమె చోటు ఆమెకు ఉంటుంది. నాకు ఈ పనిలో సంతోషమంతా ఆ చోటు దొరికేవరకే. తర్వాతిది వాళ్ళ సంతోషం.

మర్నాడు పొద్దున్న

పొద్దున్నే గున్నయ్య వెల్డరుతో సహా వచ్చేశాడు. నర్సమ్మ మాటిచ్చినట్టే టీ పోసింది. ఊరి ఆడవాళ్ళు పళ్ళు తోముకుంటూ గోడ దగ్గర నిలబడ్డారు. యంత్రాన్ని మళ్ళీ తెర వెనక పెట్టాం. నా ఫోను అరుగు మీద, అందరి కళ్ళూ దాని మీద. ఒకసారి మోగింది. పాలవాడు. అందరూ నన్ను తిట్టినంత పని చేశారు.

రెండోసారి సుజాత. "సార్, వేసేశాను. నంబరు వచ్చింది, రాసుకోండి."

సన్యాసిరావు గోడ మీద బొగ్గుతో ఆ నంబరు రాశాడు, పక్కనే తన పేరు కూడా. నర్సమ్మ దాన్ని ఒకసారి చదివి, రెండోసారి పైకి చదివి, తెర దగ్గరికి వెళ్ళింది. ముడి విప్పలేదు. చీర మొత్తాన్ని ఒక్క లాగు లాగింది. గోడ దగ్గరి ఆడవాళ్ళు కేకలు పెట్టారు.

బుట్టెడు చింతపండు పోసి, సైకిలు సీటెక్కి ఆమె పెడలు తొక్కింది. ఉప్పు జారింది, గుజ్జు ఒక పక్కకు, గింజలు ఒక పక్కకు. రేకు డబ్బాలో గింజలు పడుతుంటే వానచినుకుల చప్పుడు. ఒక గింజ ఎగిరి గున్నయ్య టీ గ్లాసులో పడింది. ఆయన దాన్ని వేలితో తీసి, అటూ ఇటూ తిప్పి చూశాడు. గింజకు గుజ్జు అంటుకుని లేదు.

"అమ్మాయ్, ఇలాంటివి నాకు ఎన్ని సేసిపెట్టగలవు?" అన్నాడు. ఈసారి వెల్డరు వైపు చూడలేదు, ఆమె వైపే చూశాడు.

"సెప్తాను బావా, ముందు టీ మార్చనీ."

వెల్డరు బెరుగ్గా ఫోను తీసి, "ఒక ఫొటో తీసుకోవచ్చా అక్కా?" అన్నాడు.

"తియ్యరా, ఎన్నైనా తియ్యి. అందరూ తియ్యండి, స్టేటసులు ఎట్టుకోండి" అని నర్సమ్మ నీలం చీరను భుజం మీద వేసుకుని యంత్రం పక్కన నిలబడింది. సన్యాసిరావు జుట్టు దువ్వుకుని రెండోవైపు వచ్చాడు. కానీ ఫొటో కుదరలేదు. ఆమె దిగిన మరుక్షణమే సింహాచలమ్మ సీటెక్కి తొక్కడం మొదలుపెట్టింది.

"అత్తా, ఒక్క నిమిషం ఆగు. ఫొటో కదిలిపోతన్నాది."

"కదలనీ" అంది సింహాచలమ్మ, ఇంకా జోరుగా తొక్కుతూ. "ఇంకో బుట్ట పొయ్యవే, బేగి."